దూరపు విమానం – దగ్గరి సంచి

మన ఊళ్లలో పిల్లలో మనవలో విదేశాలలో ఉన్న ఇళ్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. కూతురి పురిటికని అమ్మమ్మ, మనవడి పుట్టినరోజుకని తాతయ్య విమానమెక్కి వెళ్లివస్తుంటారు. ప్రయాణం నెలరోజులుందనగానే ఇంట్లో పెట్టెలు సర్దడం మొదలవుతుంది. ఆవకాయ, కందిపొడి, సున్నుండలు, చిన్నపిల్లకు గౌను – అన్నీ తూచి తూచి, బరువు 23 కిలోలు దాటకుండా అమర్చుతారు. ఇంత శ్రద్ధా దిగిన తరువాత అవసరమయ్యే వస్తువుల మీదనే! విమానంలో గంటల తరబడి పక్కన ఉండే చేతిసంచిని మాత్రం బయలుదేరే రోజున, చేతికి దొరికినవి కుక్కి ముగిస్తారు.

ఢిల్లీ నుంచి న్యూయార్కుకు ఎక్కడా ఆగకుండా వెళ్లే విమానానికైనా సుమారు 15 గంటలు పడుతుంది. 2020లో మొదలైన సింగపూర్ – న్యూయార్కు విమానం సుమారు 15,300 కిలోమీటర్లు ఒకే బిగిన ఎగురుతుంది. అందులో ప్రయాణికులు 18 గంటలకు పైగా కూర్చోవాలి. అంతసేపు మనిషి ఉండే చోటు మనం నేల మీద రోజూ ఉండే చోటు వంటిది కాదు. అక్కడ గాలి పలుచన, గాలిలో తేమ తక్కువ, శబ్దం ఎక్కువ, కదలడానికి చోటు లేదు, పగలూ రాత్రీ తారుమారు. ఈ అయిదు విషయాలను అర్థం చేసుకుంటే సంచిలో ఏమి పెట్టాలో ఎవరూ జాబితా రాసి ఇవ్వనక్కరలేదు. మీరు తరగతిలో చదువుకున్న పాఠాలే ఆ జాబితాను తయారుచేస్తాయి.

గోడకు ఇవతల, గోడకు అవతల

పెద్ద ప్రయాణికుల విమానాలు సుమారు 10 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున ఎగురుతాయి. 11 కిలోమీటర్ల ఎత్తున బయటి ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 56 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతంలో ఉంటుంది. సముద్రమట్టం దగ్గర 1013 మిల్లీబార్లు ఉండే వాతావరణ పీడనం అక్కడ సుమారు 226 మిల్లీబార్లే. అంటే నాలుగోవంతు కూడా లేదు. ఆ గాలిలో మనిషి నిమిషం లోపలే స్పృహ తప్పిపోతాడు. అందుకని బయటి గాలిని లోపలికి తీసుకుని, అదిమి, తగినంత వెచ్చదనంతో గదిలోకి వదులుతారు. ఇలా లోపల పీడనం నిలిపిన మొదటి ప్రయాణికుల విమానం బోయింగ్ 307. అది 1940లో సర్వీసులోకి వచ్చింది.

మరి లోపల నేల మీద ఉన్నంత పీడనమే ఉంచవచ్చు కదా అని మీరు అడగవచ్చు. లెక్క వేసి చూడండి. లోపల 1013, బయట 226 అయితే తేడా 787 మిల్లీబార్లు. అంటే విమానపు గోడలో ప్రతి చదరపు మీటరు మీదా సుమారు 8 టన్నుల బరువుకు సమానమైన బలం లోపలి నుంచి బయటకు నెడుతుంది. లోపల 750 మిల్లీబార్లే ఉంచితే ఆ బలం సుమారు 5 టన్నులకు తగ్గుతుంది. గోడను పలుచగా, విమానాన్ని తేలికగా చేయవచ్చు. అందువల్ల లోపలి పీడనం 8,000 అడుగుల ఎత్తున ఉండే పీడనం కంటే తగ్గకుండా చూస్తే చాలునని నిబంధన పెట్టారు. 8,000 అడుగులంటే సుమారు 2,440 మీటర్లు. మన తిరుమల కొండ సుమారు 850 మీటర్లు, ఊటీ సుమారు 2,240 మీటర్లు. అంటే విమానంలో కూర్చున్నవాడు ఊటీ కంటే కొంచెం పైన కూర్చున్నట్లే! బోయింగ్ 787 వంటి కొత్త విమానాలలో ఇది 6,000 అడుగులకు మించదు.

ఆరోగ్యవంతులకు దీనివల్ల ఇబ్బంది లేదు. గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు మాత్రం టిక్కెట్టు కొనే ముందే డాక్టరును అడగాలి. ఎందుకంటే గాలిలో ఆక్సిజన్ పాలు మారకపోయినా, పీడనం తగ్గినందువల్ల ప్రతి శ్వాసకూ అందే ఆక్సిజన్ పరిమాణం తగ్గుతుంది.

బాయిల్ నియమమూ, ఆవకాయ సీసా

ఉష్ణోగ్రత మారనప్పుడు వాయువు ఘనపరిమాణం దాని పీడనానికి విలోమానుపాతంలో ఉంటుందని రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించాడు. పీడనం నాలుగింట మూడు వంతులైతే ఘనపరిమాణం మూడింట నాలుగు వంతులవుతుంది. అంటే నేల మీద 300 మిల్లీలీటర్లున్న గాలి విమానంలో 400 మిల్లీలీటర్ల చోటు కోరుతుంది.

ఈ ఒక్క వాక్యం ఎన్ని వింతలకు సమాధానం చెబుతుందో చూడండి. బంగాళాదుంప చిప్సు పొట్లం పైన బెలూనులా ఉబ్బుతుంది. జేబులోని సిరా కలం కారుతుంది. పెట్టెలు పెట్టే అడుగు గదిలోనూ ఇదే పీడనం కాబట్టి, సగం ఖాళీగా ఉన్న ఆవకాయ సీసాలోని గాలి వ్యాకోచించి నూనెను మూత సందులోంచి బయటకు నెడుతుంది. అందుకని పచ్చడి సీసాలో వీలైనంత తక్కువ గాలి ఉండేటట్లు నింపి, మూత బిగించి, పైన రెండు ప్లాస్టిక్ సంచులు కట్టాలి.

మన కడుపులోనూ, పేగులలోనూ కొంత వాయువు ఉంటుంది. అది కూడా బాయిల్ నియమానికి లోబడవలసిందే! ప్రయాణానికి ముందు శనగలు, రాజ్మా, కూల్‌డ్రింకులు ఎక్కువగా తీసుకుంటే పైన కడుపు ఉబ్బరం తప్పదు. అందువల్ల వదులైన దుస్తులు వేసుకోవాలి. నడుము దగ్గర బిగించే బెల్టు వద్దు. సంచిలో వేయించిన అటుకులు, మరమరాలు వంటి తేలిక తిండి కొంచెం ఉంచుకుంటే చాలు.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. కంటి వెనకపొర, అంటే రెటీనా, విడివడినవారికి చేసే కొన్ని ఆపరేషన్లలో డాక్టర్లు కంటిలోకి వాయు బుడగను పంపుతారు. ఆ బుడగ పూర్తిగా కరిగిపోకముందే విమానమెక్కితే అది వ్యాకోచించి కంటిలోని పీడనాన్ని పెంచుతుంది. చూపు పోయే ప్రమాదం ఉంది. ఈ మధ్య కంటికిగానీ, కడుపుకుగానీ ఆపరేషన్ జరిగినవారు డాక్టరు అనుమతి లేనిదే బయలుదేరకూడదు.

మీరే చేసి చూడండి: సూది లేని సిరంజి ఒకటి తీసుకోండి. చిన్న రబ్బరు బెలూనులో కొద్దిగా గాలి ఊది, ముడివేసి, సిరంజిలో పడేటంత చిన్న బుడ్డను తయారుచేయండి. దానిని సిరంజిలో పెట్టి ముషలకాన్ని అమర్చండి. కొనను వేలితో మూసి ముషలకాన్ని వెనకకు లాగండి. బుడ్డ పెద్దదవుతుంది. వదిలితే మళ్లీ చిన్నదవుతుంది. విమానం ఎక్కడమూ దిగడమూ ఇంతే.

చెవికి ఒక పిప్పరమెంటు బిళ్ల

కర్ణభేరికి లోపలి వైపున మధ్యచెవి అనే చిన్న గాలి గది ఉంది. దాని నుంచి గొంతు పైభాగానికి యూస్టేషియన్ నాళం అనే సన్నని దారి ఉంది. ఈ నాళం మామూలుగా మూసుకుని ఉంటుంది. మనం మింగినప్పుడూ, ఆవులించినప్పుడూ క్షణకాలం తెరుచుకుంటుంది.

విమానం పైకి లేచేటప్పుడు మధ్యచెవిలో ఎక్కువైన గాలి ఈ దారిన తేలికగా బయటపడుతుంది. దిగేటప్పుడు చిక్కు వస్తుంది. అప్పుడు బయట పీడనం పెరుగుతూ కర్ణభేరిని లోపలికి నెడుతుంది. నాళపు మెత్తని గోడలు ఒకదానికొకటి అతుక్కుని, గాలిని లోపలికి సులభంగా రానివ్వవు. చెవి పోటు దిగేటప్పుడే ఎక్కువగా రావడానికి కారణమిది. జలుబు చేసి నాళం వాచిన వారికి ఇంకా బాధ.

మందు చాలా చవక. నోటిలో పిప్పరమెంటు బిళ్లగానీ, ఎండు ఉసిరిక ముక్కగానీ వేసుకుంటే లాలాజలం ఊరుతుంది. మాటిమాటికీ మింగుతాం. మింగినప్పుడల్లా నాళం తెరుచుకుంటుంది. పసిపిల్లలకైతే దిగే సమయంలో పాలు పట్టాలి. పెద్దలు దిగే ముందు నిద్రలో ఉంటే లేపాలి. నిద్రలో మనం తక్కువగా మింగుతాం.

పొడిగాలి

ఒక ఘనమీటరు గాలి 30 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. సున్నాకు దిగువన 50 డిగ్రీల వద్ద అదే గాలి గ్రాములో ఇరవయ్యోవంతును కూడా పట్టి ఉంచలేదు. విమానం పీల్చుకునేది ఆ గాలినే. దానిని 22, 24 డిగ్రీలకు వేడిచేసినప్పుడు వెచ్చదనం వస్తుంది కాని నీరు రాదు. లోపల ఉన్న కాస్త తేమా ప్రయాణికుల ఊపిరి నుంచి, చర్మం నుంచి వచ్చిందే. అందువల్ల విమానంలో సాపేక్ష ఆర్ద్రత తరచుగా 20 శాతం కంటే తక్కువ ఉంటుంది. మన కోస్తా ఊళ్లలో 70, 80 శాతానికి అలవాటుపడ్డ శరీరానికి ఇది పెద్ద మార్పే.

నీటి ఆవిరిని కలిపితే సరిపోదా? కలిపితే అది చల్లటి లోహపు గోడ లోపల మంచుగా పేరుకుంటుంది. కరిగి లోహాన్ని తుప్పుపట్టిస్తుంది. పైగా అంత నీరు మోసుకుపోవాలి. తుప్పుపట్టని కార్బన్ నారల మిశ్రమ పదార్థంతో చేసిన కొత్త విమానాలలో గాలిని కొంత తేమగా ఉంచగలుగుతున్నారు.

ఈ పొడిగాలికి శరీరంలోని నీరంతా ఇగిరిపోతుందని భయపడనక్కరలేదు. ఎండిపోయేది ముఖ్యంగా కళ్లు, ముక్కు, గొంతు, పెదవులు. కాబట్టి సంచిలో ఉండవలసినవి: ఖాళీ నీళ్ల సీసా, పెదవులకు రాసుకునే వాజలీను, డాక్టరు సలహా ఇచ్చి ఉంటే కంటి చుక్కలు. కాంటాక్టు లెన్సులు పెట్టుకునేవారు వాటిని తీసి కళ్లజోడు పెట్టుకోవడం మేలు. సీసా ఖాళీగా ఎందుకంటే, 2006 ఆగస్టు తరువాత నుంచి ప్రపంచంలోని చాలా విమానాశ్రయాలలో చేతిసంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవాల సీసాను తనిఖీ దాటనివ్వడం లేదు. తనిఖీ అయిన తరువాత సీసాను నింపుకోవచ్చు. నూనె, పెరుగు, పచ్చడి కూడా ద్రవాల లెక్కలోకే వస్తాయి. మందులకూ, పసిపిల్లల ఆహారానికీ మినహాయింపు ఉంది.

పొడిగాలి నాలుకనూ మోసం చేస్తుంది. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ శాస్త్రజ్ఞులు నేల మీదనే విమానంలో ఉన్నంత పీడనం, పొడితనం, శబ్దం కల్పించి భోజనాలు రుచి చూపించారు. అక్కడ ఉప్పు, తీపి మామూలు కంటే తక్కువగా తెలిశాయి. విమానంలో భోజనం చప్పగా ఉందని అమ్మమ్మ అంటే తప్పంతా వంటవాడిది కాదు!

పిక్కలో ఉన్న రెండో గుండె

సంచి విషయంలో అన్నిటికంటే గట్టిగా చెప్పవలసినది కాళ్ల గురించి.

గుండె రక్తాన్ని ధమనుల ద్వారా పాదాల దాకా నెడుతుంది. కాని పాదాల నుంచి పైకి రావడానికి గురుత్వాకర్షణకు ఎదురెక్కాలి. నిశ్చలంగా నిలబడిన మనిషి చీలమండ దగ్గర సిరలోని పీడనం సుమారు 90 మిల్లీమీటర్ల పాదరసం. అతడు నడవడం మొదలుపెడితే అది మూడోవంతుకు, ఇంకా తక్కువకు పడిపోతుంది. ఎలా? నడిచేటప్పుడు పిక్క కండరాలు బిగిసి, వాటి నడుమ ఉన్న సిరలను పిండుతాయి. సిరలలో ఒకవైపు మాత్రమే తెరుచుకునే కవాటాలు ఉన్నాయి. అందువల్ల పిండిన రక్తం పైకే పోతుంది కాని కిందికి రాదు. సిరల కవాటాల పని ఇదేనని విలియం హార్వే 1628లో ప్రచురించిన గ్రంథంలో ప్రయోగాలతో నిరూపించాడు. పిక్క కండరాన్ని రెండో గుండె అనడం ఇందువల్లనే. అయితే మొదటి గుండెకూ దీనికీ ఒక తేడా ఉంది. ఇది మనం కదిపితేనే పనిచేస్తుంది.

గంటల కొద్దీ కాళ్లు వేలాడేసి కూర్చుంటే ఈ పంపు ఆగిపోతుంది. రక్తంలోని నీరు కణజాలంలోకి ఊరి పాదాలు వాస్తాయి. దిగేటప్పుడు చెప్పులు పట్టకపోవడం చాలామందికి అనుభవమే. ఈ వాపు దానంతట అదే పోతుంది. కాని అరుదుగా ఒక ప్రమాదం కూడా ఉంది. కాలి లోపలి సిరలలో నెమ్మదించిన రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ విడివడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం.

దీనికి విమానమే కారణమని అనుకోవద్దు. కారణం కదలకుండా కూర్చోవడం. 1940లో లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో జనం రాత్రంతా రక్షణ గుహలలో మడత కుర్చీలలో కూర్చుని గడిపేవారు. వారిలో కొందరు ఇలాంటి గడ్డల వల్ల హఠాత్తుగా చనిపోవడాన్ని కీత్ సింప్సన్ అనే వైద్యుడు గుర్తించి ఆ ఏడాదే ప్రకటించాడు. 1954లో అమెరికా శస్త్రవైద్యుడు జాన్ హోమన్స్ దూరప్రయాణాలలో ఎక్కువసేపు కూర్చున్నవారిలోనూ ఇదే జరుగుతోందని రాశాడు. బస్సులోగానీ, రైలులోగానీ, విమానంలోగానీ 4 గంటలకు మించి కదలకుండా ప్రయాణిస్తే ఈ ప్రమాదం సుమారు రెండింతలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపింది. రెండింతలంటే భయం కలుగుతుంది. కాని ఆరోగ్యవంతులలో అది సుమారు 6,000 మందిలో ఒకరికే అని కూడా ఆ సంస్థే చెప్పింది. వయసు పైబడినవారు, స్థూలకాయులు, గర్భిణులు, ఇటీవల ఆపరేషన్ జరిగినవారు, లోగడ ఇలాంటి గడ్డ ఏర్పడినవారు మాత్రం ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

ఏం చేయాలి? కూర్చున్నచోటనే మడమలు నేలకు ఆనించి వేళ్లు పైకెత్తాలి. తరువాత వేళ్లు ఆనించి మడమలు ఎత్తాలి. గంటకొకసారి ఇరవై సార్లు ఇలా చేస్తే రెండో గుండె కొట్టుకుంటుంది. వీలైనప్పుడల్లా లేచి నడవాలి. అటుఇటు తిరగడానికి వీలుగా నడవ పక్క సీటు అడిగి తీసుకోవాలి. కాళ్ల దగ్గర చేతిసంచి అడ్డు ఉండకూడదు. అంటే సంచి చిన్నదిగా ఉండడం కూడా ఆరోగ్యానికి మంచిదే! సంచిలో వదులైన మేజోళ్లు ఉంచుకోవాలి. పిక్కను పైకి పోనుపోను తక్కువగా అదిమే ప్రత్యేకమైన మేజోళ్లు దొరుకుతాయి. వాటి వల్ల వాపు, గడ్డలు తగ్గుతాయని పరిశోధనలు చూపాయి. అయితే అవి సరైన కొలతవి కావాలి. కాలి ధమనులలో జబ్బు ఉన్నవారు వాటిని వాడకూడదు కనుక ముందు డాక్టరును అడగాలి. ఎవరో చెప్పారని మాత్రలు మింగరాదు.

ఇంకొక మాట గుర్తుంచుకోండి. ప్రయాణం ముగిసిన తరువాత కూడా సుమారు నాలుగు వారాల పాటు ఈ ప్రమాదం కొంత ఉంటుంది. ఒక కాలే వాచి నొప్పి పెట్టినా, ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా ప్రయాణపు అలసట అని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మెడ, శాలువ

పెద్దవారి తల బరువు సుమారు 5 కిలోలు. మెలకువగా ఉన్నప్పుడు మెడ కండరాలు దానిని నిలబెడతాయి. నిద్రపట్టగానే అవి సడలుతాయి. తల పక్కకు వాలితే గరిమనాభి ఆధారం మీది నుంచి తప్పుకుంటుంది. ఆ బరువు తులాదండానికి వేలాడిన రాయిలా మెడను లాగుతుంది. గుర్రపు లాడం ఆకారంలో ఉండే మెడ దిండు చేసే పని తలను అటు వాలనివ్వకపోవడమే. గాలి ఊదే దిండైతే పైకి వెళ్లాక గట్టిపడుతుంది. కారణం మీకిప్పుడు తెలుసు. కొంచెం గాలి తీసేయాలి. దిండు లేకపోతే శాలువను చుట్టచుట్టి మెడకు పెట్టుకున్నా సరే. కప్పుకోవడానికి ఒక మందపాటి దుప్పటి కంటే శాలువ, స్వెట్టరు రెండూ ఉండడం మేలు. పొరల మధ్య చిక్కిన గాలి ఉష్ణాన్ని పోనివ్వదు. ఉక్కపోస్తే ఒక పొర తీసేయవచ్చు.

శబ్దాన్ని శబ్దంతో కొట్టడం

ఎగిరే విమానం లోపల శబ్దం సుమారు 80 నుంచి 85 డెసిబెల్‌లు ఉంటుంది. కొన్ని రూపాయలకు దొరికే స్పాంజి చెవిబిరడాలు సరిగా పెట్టుకుంటే 20 డెసిబెల్‌లకు పైగా తగ్గుతుంది. ప్రతి 10 డెసిబెల్‌లకూ ధ్వని తీవ్రత పదోవంతవుతుంది కనుక, 20 తగ్గిందంటే చెవికి చేరే తీవ్రత నూరోవంతన్న మాట!

దీనికి మించిన ఉపాయం ఒకటి విమానంలోనే పుట్టింది. స్వాతంత్ర్య ఉద్యమంలో పాల్గొని బ్రిటిషు ప్రభుత్వం బారినుంచి తప్పించుకుని అమెరికా చేరిన బెంగాలీ నోనీ గోపాల్ బోస్. ఆయన కుమారుడు అమర్ బోస్ ఇంజనీరింగు ప్రొఫెసరు. 1978లో ఆయన యూరప్ నుంచి అమెరికాకు తిరిగి వెళుతూ విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోను పెట్టుకున్నాడు. ఇంజను హోరులో సంగీతం వినబడలేదు. హోరును హోరుతోనే రద్దుచేయవచ్చు కదా అని ఆలోచించి, దిగేలోగానే లెక్కలు వేశాడు. ధ్వని తరంగంలో సంపీడనం ఉన్నచోట విరళీకరణం వచ్చేటట్లు రెండో తరంగాన్ని పంపితే రెండూ కలిసి నిశ్శబ్దమవుతాయి. దీనినే వినాశక వ్యతికరణం అంటారు. 1989లో ఈ సూత్రంతో పైలట్లకు హెడ్‌ఫోను తయారైంది. ఇవి ఎడతెగని ఇంజను రొద మీద బాగా పనిచేస్తాయి. పక్కసీటు పాపాయి ఏడుపు మీద అంతగా పనిచేయవు. ఖరీదైన హెడ్‌ఫోను లేదని చింత వద్దు. స్పాంజి బిరడాలు చాలు.

కళ్లకు గంత – లోపలి గడియారానికి సూచన

భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. హైదరాబాదులో మధ్యాహ్నం 12 గంటలైనప్పుడు న్యూయార్కులో వేసవికాలపు లెక్క ప్రకారం తెల్లవారుజాము 2.30. చేతి గడియారాన్ని తిప్పుకోవచ్చు. కాని శరీరంలో ఒక గడియారం ఉంది. నిద్ర, ఆకలి, ఒంటి వేడి దాని ప్రకారం నడుస్తాయి. పండ్ల ఈగలలో ఈ గడియారపు యంత్రాంగాన్ని విప్పి చూపినందుకు హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమతి లభించింది. ఈ గడియారాన్ని సరిదిద్దేది ముఖ్యంగా వెలుతురు. అదీ రోజుకు సుమారు ఒక గంట చొప్పునే సర్దుకుంటుంది. అందుకే దిగిన వారం దాకా పగలు నిద్ర, రాత్రి జాగరణ.

సంచిలో నల్లని కంటి గంత ఒకటి పెట్టండి. చేరబోయే ఊరిలో రాత్రి అయ్యే సమయానికి గంత కట్టుకుని చీకటి కల్పించుకోవాలి. దిగిన తరువాత పగటి వెలుతురులో బయట తిరగాలి. కాఫీ, టీలు ఆ ఊరి సాయంత్రం వేళకు ఆపాలి.

పెట్టెలో కాదు, సంచిలోనే

కొన్ని వస్తువులను అడుగు గదిలోకి వెళ్లే పెట్టెలో పెట్టడం ప్రమాదం. మొదటివి మందులు. పెట్టె ఒక్కొక్కప్పుడు రెండు రోజులు ఆలస్యంగా వస్తుంది. రక్తపోటు మాత్ర ఆగకూడదు. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు. అడుగు గదిలో చలి ఎంత ఉంటుందో చెప్పలేము. అందువల్ల ప్రయాణ దినాలకే కాక మరి కొన్ని రోజులకు సరిపడ మందులు వాటి అసలు అట్టపెట్టెలలోనే, డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో ఉండాలి. కాలం మారినందువల్ల ఇన్సులిన్ ఏ వేళకు తీసుకోవాలో ముందుగానే అడిగి రాయించుకోవాలి.

రెండోది పవర్ బ్యాంకు. ఇందులోని లిథియం ఘటం దెబ్బతిని వేడెక్కితే మంటలు లేస్తాయి. పైగదిలో అయితే సిబ్బంది వెంటనే చూసి ఆర్పగలరు. అడుగు గదిలో చూసేవారుండరు. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్హే విమానాశ్రయంలో బయలుదేరడానికి సిద్ధంగా ఉన్న విమానం తగలబడింది. తలపైన ఉండే సామాను అరలోని పవర్ బ్యాంకు కారణమై ఉండవచ్చని దర్యాప్తు అధికారులు తెలిపారు. లోపలి వారందరూ ప్రాణాలతో బయటపడ్డారు. అందువల్ల దానిని కనబడేచోట, చేతికి అందేచోట ఉంచుకోవాలి. 100 వాట్-అవర్‌ల వరకు ప్రత్యేక అనుమతి అక్కరలేదు. దానిమీద 20,000 మిల్లీ ఆంపియర్-అవర్ అని ఉంటే 20 ఆంపియర్-అవర్ అన్న మాట, దానిని 3.7 వోల్టులతో గుణిస్తే 74 వాట్-అవర్. పరవాలేదు.

ఇంకొకటి – ఎండుకొబ్బరి. దీనిలో నూనె ఎక్కువ కనుక కుప్పగా ఉన్నప్పుడు తనంతట తానే వేడెక్కి మండే స్వభావం గల పదార్థాలలో దీనిని అంతర్జాతీయ రవాణా నిబంధనలు చేర్చాయి. పచ్చడి మీద ప్రేమతో పెట్టెలో పెడితే తనిఖీలో తీసేస్తారు.

సర్దిన తరువాత సరిచూసుకోండి

పలుచని గాలికి: పిప్పరమెంటు బిళ్లలు, వదులు దుస్తులు, తేలిక తిండి.
పొడిగాలికి: ఖాళీ నీళ్ల సీసా, వాజలీను, కళ్లజోడు.
కదలని కాళ్లకు: మేజోళ్లు, వదులు చెప్పులు, నడవ పక్క సీటు.
వాలే మెడకు, చలికి: మెడ దిండు, శాలువ, స్వెట్టరు.
శబ్దానికి, వెలుతురుకు: చెవిబిరడాలు, కంటి గంత.
ఆపదకు: మందులు, డాక్టరు చీటీ, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిన ఫోను నెంబర్లు, చిరునామా.

ఇవన్నీ కలిపి తూచి చూడండి. మూడు కిలోలకు మించవు.

మీ ఇంటినుంచిగానీ, పక్కింటినుంచిగానీ పెద్దవారెవరైనా దూరదేశం బయలుదేరితే, పెట్టెలు సర్దే పని అమ్మకు వదిలి చేతిసంచి సర్దే పని మీరు తీసుకోండి. ప్రతి వస్తువునూ లోపల పెడుతూ అది ఎందుకో వారికి చెప్పండి. కారణం తెలిసిన వస్తువును వారు వాడతారు. తెలియకపోతే అది సంచి అడుగునే ఉండి తిరిగివస్తుంది. మడమలు ఎత్తి దించడం మాత్రం సంచిలో పెట్టి పంపలేరు. దానిని వారి పక్కన కూర్చుని, ఇంటి దగ్గరే రెండు రోజులు చేయించండి.

ఆలోచించి చెప్పండి

1. విమానంలో పైన ఉండగా ఖాళీ ప్లాస్టిక్ సీసాకు మూత బిగించి, దిగిన తరువాత చూస్తే ఎలా ఉంటుంది? ఎందుకు?
2. 30,000 మిల్లీ ఆంపియర్-అవర్ పవర్ బ్యాంకును అనుమతి లేకుండా తీసుకువెళ్లవచ్చునా? లెక్క వేయండి.
3. ఉదయం లేవగానే ఒకసారి, ఎక్కువసేపు కూర్చున్న రోజున సాయంత్రం ఒకసారి మీ చీలమండ చుట్టుకొలతను టేపుతో కొలవండి. తేడా ఉందా? బాగా నడిచిన రోజున ఎంత ఉంది?